మామ మీసంలో పులి

ఆ రోజుల్లో స్టాంపులు కూడబెట్టడమంటే ఇప్పటిలా అంగట్లో పొట్లం కొనుక్కొచ్చి పుస్తకంలో దోపుకోవడం కాదు. ఒక్కో బిళ్ళకు ఒక్కో యుద్ధం జరిగేది. ఆ యుద్ధాలన్నీ గెలిచి, యాభైల్లో కడప జిల్లా మొత్తానికి పెద్ద స్టాంపుల ఖజానా నాదేననిపించుకున్నవాణ్ణి నేను. సాక్షాత్తూ పోస్టుమాస్టరే నాకు కబురు పంపేవాడు. (కబురు పంపిన మాట నిజం. కిటికీ దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళ కవర్లు లాక్కోవద్దని చెప్పడానికి పంపాడు. ఖజానా అంటే లెక్కలు చేసి వదిలేసిన పాత నోటుపుస్తకం. అందులో సగానికి పైగా ఒకే రాజుగారి తలకాయ, రంగులు మార్చుకుని. జిల్లా మొత్తం అన్నచోట మా వీధి అని చదువుకోండి.)

అయితే పులి సంగతి మాత్రం అక్షరాలా జరిగింది. పక్కింటి సాయిబుల పిన్నమ్మను మేమంతా ఖాలా అనేవాళ్ళం. ఆమె కొడుకు మలయా దేశంలో రబ్బరు తోటలో పనిచేసేవాడు. ఎండాకాలం సెలవులంతా ఆమె కోళ్ళను తరిమి పట్టి గంపకింద మూసినందుకు ఒక కవరు నా చేతిలో పెట్టింది. "తీసుకోరా బేటా. లోపలి మాటలు నాకు, పైన బొమ్మ నీకు." ఆ బొమ్మ పులి! మా బడిలో జమేదారని పిలిచే పిల్లవాడి దగ్గర మూడు మూలల స్టాంపు ఒకటుండేది. దానికోసం నాకు అన్నం సహించేది కాదు. పులిని చూసి వాడు మెత్తబడ్డాడు. "కవరుతో వద్దప్పా. చిరక్కుండా ఊడదీసి సాయంత్రానికి తెస్తే నాది నీకిస్తా. మా నాయనకు బదిలీ అయింది, రేపు పొద్దున బస్సుకు బనగానపల్లెకు పోతాండాము."

ఊడదీయాలంటే నానబెట్టాలి, నానబెట్టాలంటే మంచినీళ్ళు కావాలి. ఇంటి బావి ఉప్పునీళ్ళలో వేస్తే రంగు పోతుందని జమేదారు ముందే భయపెట్టాడు. అమ్మా అక్కా తెల్లవారకముందే దూరపు బావికి పోయి, మోసుకొచ్చి బాన నింపేవాళ్ళు. గిన్నెడు ఇమ్మని అడిగితే అమ్మ అంతెత్తున లేచింది. "మనుషులు తాగేదానికి లేక సస్తాంటే నీ బిళ్ళకు నీళ్ళు పోసేదా? పో ఆవలికి!"

అప్పుడు నా బుర్రకు ఒక గొప్ప ఆలోచన తట్టింది. గిన్నెలో పోస్తే కదా నీళ్ళు ఖర్చయ్యేది! బానలోనే వేస్తే పులి నానుతుంది, నీళ్ళు ఎక్కడికీ పోవు. కవరు మూల చింపి, మెల్లగా బానలోకి వదిలి, మూత పెట్టేశాను.

కాసేపటికే అమ్మ తమ్ముడు, మా మామ, పత్తికొండ నుంచి బస్సు దుమ్మంతా ఒంటిమీద వేసుకుని దిగాడు. అమ్మ చెంబు ముంచి ఇచ్చింది. గటగటా తాగి, "ఏమక్కా, మీ నీళ్ళు శానా తియ్యగుండాయే!" అన్నాడు. పరుగెత్తి బానలోకి తొంగి చూశాను. కవరు ముక్క తేలుతోంది, పులి లేదు. చెబితే బానెడు నీళ్ళూ పారబోస్తారు, ఆ తర్వాత నా వీపు పని పడతారు. చెప్పకపోతే మూడు మూలలది బనగానపల్లె బస్సెక్కుతుంది.

మామవైపు చూద్దును కదా, ఆయన మీసంలో పులి! అది మామూలు మీసమా, ఒక్కో వెంట్రుక జానెడు! "మామా, నీ మీసంలో పులి ఉండాది" అన్నాను. "మరేమనుకుంటివిరా! పత్తికొండలో ఎవురినన్నా అడుగుపో" అని ఇంకోసారి దువ్వాడు. పులి మరింత లోపలికి దూరింది. మధ్యాహ్నం ఆయన అరుగుమీద గుర్రు పెడుతుండగా పిల్లిలా పాకి, రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఆ కేకకు ఖాలా కోళ్ళు గోడ దూకాయి. పులి చేతికొచ్చింది, వెనక బంకకు ఒక వెంట్రుకతో సహా. పీకితే కాగితం చిరిగేట్టుంది. జమేదారు తిప్పి చూసి, "ఎంట్రుకలున్న పులి నాకొద్దప్పా" అనేశాడు.

ఆ పులి ఇప్పటికీ నా నోటుపుస్తకంలోనే ఉంది. ఎవరైనా నమ్మకపోతే వెంట్రుక చూపిస్తాను. మూడు మూలల స్టాంపంటారా, ఇప్పుడు తలచుకుంటే కొనుక్కోవచ్చు. కొనలేదు. దాన్ని చూసి ఎగిరి గంతేయాల్సినవాడు పొట్టి నిక్కరు వేసుకుని ఎప్పుడో వెళ్ళిపోయాడు.

మొన్న ఇదంతా అక్కకు చదివి వినిపించాను. చెనక్కాయలు ఒలుస్తూ చివరిదాకా విని, ఆ పుస్తకం తెమ్మంది. నల్లటి ఆ వెంట్రుకను కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. (అక్క తల ఇప్పుడు ఏకిన పత్తిలా ఉంది.)

"మామకు మీసం యాడిదిరా? ఆయప్ప జన్మలో మీసం పెట్టలా. నీ పులి బాన లోపలి గోడకు అంటుకోనుంటే నువ్వు కోళ్ళగంప ఎనక కూచోని ఏడుస్తాంటివి. బానలోకి తల దూర్చి దాన్ని తీసిచ్చింది నేను. నీళ్ళు పాడు చేసినానని అమ్మ చేత తన్నులు తినిందీ నేనే. జానెడు ఎంట్రుక మీసంలో ఉంటాదా, జడలో ఉంటాదా? కొట్టేసి మళ్ళా రాయి."