నాన్న తడితేనే వచ్చే చేప

మా నాన్న లోకో పైలట్. ఆయన అక్వేరియంలో రెండు జాతుల క్యాట్‌ఫిష్‌లు కలిసి పెట్టిన పిల్లల్లో ఒక్కటే బతికింది. అది పగలంతా తొట్టిలోని కర్రముక్క కింద దాక్కుని, నాన్న అద్దం మీద మూడుసార్లు తడితేనే బయటికొస్తుంది.

ఈ రోజు నాలుగింటికి ఎవరూ తట్టకుండానే వచ్చి, అద్దానికి మీసాలు ఆనించింది. నాన్న డ్యూటీలో ఉన్నారు, ఫోన్ ఆపేసి ఉంది.

"ఏటే ఇది! మీ నాన్నకేటీ అవనేదు కదా?" అంటూ అమ్మ గుమ్మం వదల్లేదు.

ఏడింటికి నాన్న క్షేమంగా వచ్చారు. నాలుగింటికి ఎక్కడున్నారని అడిగాను.

"ఉస్లాపూర్ స్టేషన్ దగ్గర సిగ్నల్ ఇవ్వక బండి ఆగిపోయింది. ఊసుపోక, దీన్ని పిలిచినట్టు ఇంజన్ అద్దం మీద తట్టాను. ఏటి, అలా చూస్తన్నారు?"

చేప ఇంకా బయటే ఉంది. మీ చేపలూ ఇలా చేస్తాయా? చేయవంటే మాత్రం చెప్పకండి, నేను దాని పక్క గదిలోనే పడుకోవాలి.