నిమ్మకాయ పక్కన పెట్టిన రోజు

మా వైపు "వైన్స్" అని బోర్డున్న దుకాణాలకు కొదవ లేదు. అమ్మేది విస్కీ, బీరే; లోపలికి వెళ్లి నిజంగా ద్రాక్ష వైన్ అడిగితే మాత్రం, మందుకోసమేమో అన్నట్టు మనల్ని వింతగా చూస్తారు. నారాయణగూడలో ఒకాయనైతే "ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదా అన్న?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. నేనొక పెద్ద హోటల్లో పదేళ్లుగా సర్వర్‌ని. వైన్ వడ్డించే విభాగంలోకి మారాలంటే పరీక్ష ఉంటుంది. రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే ఇక అవకాశం లేదు, పెళ్లి విందుల్లో ప్లేట్లు మోస్తూనే రిటైరవ్వాలి.

ఈసారి ప్రశ్న ముందే చెప్పారు. ఉప్పునీళ్లలో ఊరికే ఉడికించిన మంచినీటి రొయ్యలకు ఏ వైన్ నప్పుతుంది, ఎందుకు?

నేనుండేది అశోక్ నగర్‌లో, ఒక బిల్డింగ్ పైన కిరాయి గదిలో. కింది అంతస్తుల నిండా గ్రూప్స్‌కు చదివే పిల్లలే. మెట్ల దగ్గర ఎదురైతే "మనందరిదీ ఒకటే బాధ" అని నవ్వుకునేవాళ్లం. వాచ్‌మన్ గదిలో పాలమూరు నుంచి వచ్చిన ఒక అక్క, ఆమె భర్త ఉండేవారు. ఆమె పగలు బిల్డింగ్‌లు కట్టే పనులకు కూలికి వెళ్లేది.

ఆ ఆదివారం రాంనగర్ మార్కెట్లో నీలం కాళ్ల మంచినీటి రొయ్యలు, చిక్కడపల్లిలో నిమ్మకాయలు కొనుక్కొచ్చి డాబా మీద స్టవ్ పెట్టాను. ఉడికించాను, ఒలిచాను, అలవాటు చొప్పున నిమ్మకాయ పిండాను. చేపైనా, బిర్యానీ అయినా, ఉత్త ఉల్లిగడ్డ ముక్కయినా నిమ్మరసం పడకపోతే మాకు ముద్ద దిగదు మరి. ఒక రొయ్య తిని తెల్ల వైన్ గుటక వేశాను. నోరంతా పులుపు, పైగా చేదు. ఇంకో సీసా తెరిచాను. అదీ అంతే. సీసాలను తిట్టాను, రొయ్యలమ్మినామెను తిట్టాను, చివరికి నా నాలుకను తిట్టుకున్నాను.

ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చిన అక్క అంతా విన్నది.

"ఏమైంది తమ్మీ, గట్ల పరేషాన్ అయితున్నవ్?"

సంగతి చెప్పి ఒక రొయ్య చేతిలో పెట్టాను. నమిలి మొహం చిట్లించింది. "గింత నిమ్మకాయ ఎందుకు పిండినవ్? రొయ్య తీపంత పాయె."

గ్లాసులో కొంచెం వైన్ పోసిస్తే వాసన చూసి తాగింది. "ఇది గూడ పుల్లగనే ఉన్నది గద. మా ఊర్ల వాగు రొయ్యలు ఉప్పేసి ఉడకబెడ్తం, కల్లు తాగుకుంట తింటం. నిమ్మకాయ ముట్టనే ముట్టం. పులుపు కల్లులనే ఉంటది."

గిన్నెలో నిమ్మరసం తగలని రొయ్యలు నాలుగు మిగిలాయి. ఒకటి తిని, మొదటి సీసాలోదే మళ్లీ తాగాను. రొయ్య తీపి నోట్లో అలాగే నిలిచింది, దాని వెనకే పులుపు నెమ్మదిగా వచ్చింది. పదేళ్లలో ఎవరూ నాకింత సూటిగా చెప్పలేదు. ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఆమె మాత్రం బట్టలు భుజాన వేసుకుని దిగిపోయింది.

పరీక్షలో రొయ్యల ప్లేటులో కోసిన నిమ్మచెక్క ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి, ముందు పెట్టిన మూడు వైన్లలో బాగా పుల్లగా ఉన్న తెల్లదాన్ని ఎంచుకున్నాను.

"నిమ్మకాయ పని దీంతోనే చేయిస్తాను సార్" అన్నాను.

పరీక్ష పెట్టిన పెద్దాయన తిన్నాడు, తాగాడు, మళ్లీ తిన్నాడు. "ఎక్కడ నేర్చుకున్నావు?"

"పుస్తకాల్లో చదివాను సార్."

ఎందుకలా అన్నానో నాకు బాగా తెలుసు. కూలికి వెళ్లే ఆమె నేర్పిందంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను.

ఆ సాయంత్రమే వైన్ విభాగంలో ఉద్యోగం వచ్చిందని చెప్పారు. మిఠాయి డబ్బా తీసుకుని వాచ్‌మన్ గదికి వెళ్లాను. అక్క సంబరం అంతా ఇంతా కాదు. "నేను చెప్పిందే ఆడ చెప్పిండంట" అని భర్తతో అంది. తర్వాత నా వైపు తిరిగి, "మరి ఎవరు నేర్పిండ్రని అడగలేదా తమ్మీ?" అంది.

తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క డబ్బాలోంచి ఒక ముక్క తీసి నా చేతిలోనే పెట్టింది.

"పోనియ్. నౌకరొచ్చింది, అదే చాలు."

మర్నాడు డ్యూటీ ఎక్కకముందే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "నిన్న అబద్ధం చెప్పాను సార్. మా బిల్డింగ్‌లో ఉండే అక్క నేర్పింది. కూలి పని చేస్తుంది" అన్నాను. వచ్చిన ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉండనే ఉంది.

ఆయన నవ్వలేదు. "ఆమె ఇంకా ఏమేం తింటుందో, దేంతో తింటుందో అడిగి రాసుకో" అన్నాడు.

ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను, ఆమె చెబుతూనే ఉంది.