ఆ ఏడు క్రిస్మస్ తాతను నేనే

మా సంఘంలో క్రిస్మస్ తాత వేషం ఎప్పుడూ ఒక ఆర్టీసీ కండక్టరుగారిదే. రెండేళ్ల కిందట, సరిగ్గా పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగే రోజున, ఆయనకు పుట్టపర్తి బస్సులో డ్యూటీ వేశారు. మధ్యాహ్నం సండే స్కూల్ టీచరమ్మ ఎర్రబట్టల సంచి పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"అన్నా, ఈ ఒక్క పొద్దు నువ్వే తాతవు కావల్ల" అంది నా భర్తతో.

ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తారు. ఆయన ఒళ్లు కూడా ఆ రాగి తీగలాగే సన్నగా ఉంటుంది. "నేనయితే పిల్లోళ్లు జడుసుకుంటారు తల్లీ. తాతకు బుగ్గలుండల్ల" అన్నారు.

"బుగ్గలు నాకుండాయి గదా" అన్నాను మంచం మీద నుంచి.

ఇద్దరూ నా వైపు చూశారు. అప్పటికి తొమ్మిదేళ్లుగా నాకు కీళ్లవాతం. వేళ్లు పక్కకు ఒరిగిపోయాయి, పొద్దున ఎవరైనా లేపితే తప్ప లేవలేను. మింగే మాత్రలకు ముఖం పూరీలా ఉబ్బింది. ఆ ముఖాన్ని చూసి అందరూ అయ్యో అనడమే తప్ప, అది ఒక పనికి వస్తుందని అంతవరకు ఎవరికీ తోచలేదు.

"నడిచేది యాడయితాది నీకు?" అన్నారు ఆయన.

"లగేజీ ఆటోలో కుర్చీ ఏసి కట్టు. తాత కూచోనే చాక్లెట్లు ఇస్తాడు."

టీచరమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో పని ఖాయమైంది. చీర మీదనే ప్యాంటు ఎక్కించారు. పొట్టకు దిండు కట్టారు. తెల్ల గ్లౌజుల్లోకి నా వేళ్లు దూరలేదు, అందుకని చేతులకు ఆయన తెల్ల సాక్సులు తొడిగారు. పైన ప్లాస్టిక్ మాస్కు, దూది గడ్డం. పాడేవాళ్లకు టీచరమ్మ ఒకే మాట చెప్పింది: "కండక్టరన్న చుట్టం, గుత్తి నుంచి వచ్చినాడు. గొంతు పోయింది, మాట్లాడీకండి." పండగపూట ఇంత చక్కగా అబద్ధమాడే మనిషి పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పుతుందని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మొదటి ఇల్లు సంఘపెద్దగారిది. ఆయన భార్య నా కోసం ప్రతి మంగళవారం మా ఇంటికొచ్చి ప్రార్థన చేసేది. మంచి మనిషే. కానీ తొమ్మిదేళ్లయినా నాకు నయం కాకపోయేసరికి ఆమెకు దేవుడి మీద కాక నా మీద అనుమానం మొదలైంది. ఆ మధ్య ఒకరోజు గొంతు తగ్గించి, "నువ్వు ఒప్పుకోని పాపమేమన్నా ఉండాదేమో చూసుకోమ్మా" అంది. ఆ మాటకు నేను వారం రోజులు ఏడ్చాను. ఎంత వెతికినా ఈ నొప్పికి సరిపడేంత పెద్ద పాపం నాకు దొరకలేదు.

పాట అయ్యాక ఆమె అందరినీ తల వంచమని చెప్పి, కళ్లు మూసుకొని ప్రార్థన అందుకుంది: "ప్రభువా, మంచం దిగలేక, పాటలకన్నా రాలేక, ఈ గడియలో ఒంటరిగా కుమిలిపోతాండే నీ కుమార్తెను లేపు తండ్రీ!"

ఆ కుమార్తె ఆమె వాకిట్లోనే, చేతులకు సాక్సులు తొడుక్కొని కూర్చుంది. దిండు ఎగిరెగిరి పడుతోంది. మాస్కు లోపల నవ్వు ఆపుకోలేక, గొంతు లావు చేసి "ఆమేన్!" అని అరిచాను. గొంతు పోయిన గుత్తి చుట్టం కేకకు ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. టీచరమ్మ గబగబా తర్వాతి పాట ఎత్తుకుంది.

మగ్గాల వీధిలో మమ్మల్ని ఒకామె ఆపింది. వాళ్లది పట్టుచీరలు నేసే ఇల్లు. మా మతం కాదు, కానీ పాటంటే ఇష్టమట. "మా వాకిట్లో గూడా ఒకటి పాడి పోండప్పా" అంది. పాడారు. చాక్లెట్టు ఇద్దామంటే సాక్సుతో పట్టు చిక్కలేదు. దాన్ని తీసేసి బుట్టలో చెయ్యి పెట్టాను.

ఆమె చాక్లెట్టు తీసుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఈ చేతి ఏళ్లు నాకు తెలుసు. బత్తలపల్లె ఆస్పత్రిలో నా పక్కన బెంచీ మీద కూచున్న ఏళ్లు ఇవి."

అప్పుడు ఆమె చేతులు చూశాను. అదే జబ్బు, నాకంటే నాలుగేళ్లు వెనక. తెగిన పోగు ముడేయడం చేతకాక, మగ్గం దిగి ఏడాదైందని చెప్పింది. పాడేవాళ్లు పక్కింటికి జరిగారు. ఆమె ఆటోకు ఇంకా దగ్గరగా జరిగి, గుసగుసగా అడిగింది.

"ఏమక్కా, మీ దేముడు నీకు నయం చేసినాడా ఏమి, ఇట్ల తిరుగుతాండావు?"

"లేదక్కా. రేపు లేసేదానికి గూడా కాదు నాకు."

"మరి ఈ సంతోషం యాడిది?"

మాస్కు పైకెత్తాను. నోటికొచ్చింది చెప్పాను. "ఆయన వచ్చినబుడు చంటిబిడ్డగా వచ్చినాడు. ఎవురో ఎత్తుకుంటే తప్ప కదల్లేడు, గుడ్డల్లో సుట్టింటే ఏలు గూడా ఆడదు. నన్నూ దినామూ ఒకరు ఎత్తల్ల. నా బాధ ఆయనకు ఎవురూ చెప్పాల్సిన పని లేదు, తెలుసు. నయం చేస్తాడో లేదో, నన్ను ఇడిసిపెట్టి మాత్రం పోడు."

ఆమె నా సాక్సును మెల్లగా, వేళ్లకు నొప్పి తగలకుండా మళ్లీ తొడిగింది. అలా తొడగడం ఆ నొప్పి తెలిసినవాళ్లకే వస్తుంది. నాకు కళ్లు తడిశాయి. చెప్పిన మాట నేను నిజంగా నమ్ముతున్నానని అప్పుడే నాకు తెలిసింది.

ఆ సరదాకు నా ఒళ్లు బాగానే బదులు తీర్చుకుంది. మోకాళ్లు వాచి, పండగ రోజు కూడా మంచం దిగలేదు, గుడికి పోలేదు. ఆరాధన మైకులో వినిపిస్తుంటే మా ఆయన నన్ను లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్లు సర్దారు. ఆ పొద్దు లేపించుకోవడానికి నాకు సిగ్గు అనిపించలేదు.

మధ్యాహ్నం సంఘపెద్ద భార్య బిర్యానీ డబ్బాతో వచ్చింది. నా మోకాళ్లు చూసి, "ఇదేమమ్మా, ఇంత వాచినాయి?" అంది.

గొంతు లావు చేసి "ఆమేన్" అన్నాను.

ఆమె నోరు తెరిచింది. కాసేపు కోపమా, నవ్వా ఏదీ తేలలేదు. చివరికి కొంగు నోట్లో కుక్కుకొని, కుర్చీలో ముందుకూ వెనక్కూ ఊగుతూ నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం, "ఆపొద్దు పాపమని అన్నందుకు నన్ను మన్నించమ్మా" అంది, నా వైపు చూడకుండానే. మగ్గాల వీధి ఆమె సంగతి చెప్పాను. ఇద్దరి కోసం ప్రార్థన చేసింది. చాలా చిన్న ప్రార్థన.

జబ్బు అలాగే ఉంది. ఇప్పుడు ఆసుపత్రికి నేనూ ఆ నేతగత్తె ఒకే బస్సులో పోతాం. బస్సు దిగి ముందు లోపలికి పోయినవాళ్లు రెండోవాళ్లకు బెంచీ మీద చోటు పట్టాలి. నేను మెల్లగా నడుస్తూ వెనకబడితే, వరస మొత్తానికి వినబడేలా ఆమె కేకేస్తుంది:

"తాతా, ఈడ ఈడ!"

నర్సమ్మ చీటీలో నా పేరు చూసి, నా చీర చూసి, మళ్లీ చీటీ చూస్తుంది.