ఏబీ స్విచ్‌కు కట్టిన తువ్వాల

2004 ఎండాకాలం. కరెంటు కొత్త చట్టం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నేను ధర్మవరం పక్క పల్లెలకు లైన్‌మన్‌ని. గాలిమరల కరెంటు పెంచుతారనీ, సరఫరా ఆగకుండా చూస్తారనీ పెనుకొండ మీటింగులో మాకు చెప్పినారు. వినడానికి బాగానే ఉండింది. నాకేమో ఊళ్లు బోలెడు, ఉండేది ఒక సైకిలు.

ఆ పొద్దు నారాయణప్ప అనే రైతు దోవలో నన్ను ఆపినాడు. ఫ్యూజు పోయి బోరు నిలిచిపోయింది. శెనక్కాయ ఊడలు దిగే టైము, చేను వాడిపోతాంది.

"ఏమప్పా, కొత్త చట్టం వచ్చిందంట గదా. మా ఫ్యూజు ఎవురెయ్యాలో దాంట్లో రాయలేదా?"

"రాసినారులే అన్నా. పక్కూర్లో వైరు తెగి పడుండాది. అది చూసుకొని మధ్యాన్నానికి వస్తా. నువ్వు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కొద్దు."

"నువ్వొచ్చేసరికి నా చెట్లు వరుగైతాయి," అన్నాడు.

మా పక్క రైతులకు ఒక అలవాటు. రోడ్డు పక్కన ఏబీ స్విచ్ ఉంటాది, అంటే ఆ లైనంతటికీ కరెంటు ఆపే కడ్డీ. దాన్ని దించి పిడికి తువ్వాల కడతారు. తువ్వాల కనిపిస్తే పైన మనిషున్నాడని లెక్క. ఎంత తొందరున్నా ఎవరూ ముట్టరు.

నారాయణప్ప కూడా అట్లే కట్టి, చేను కాడికి పోయి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కినాడు. ఆ పొద్దు గాలి అంతా ఇంతా కాదు. గుట్ట మీద గాలిమరలు గిర్రున తిరుగుతాండాయి. తువ్వాల ఊడి కంపల్లో పడింది. అదే లైన్ మీద బోరున్న ఓబులేసు వచ్చి చూసినాడు. గుడ్డ లేదు. ఎవరో దించి మర్చిపోయినారనుకొని స్విచ్ ఎత్తినాడు. స్విచ్ కాడ్నుంచి ట్రాన్స్‌ఫార్మర్ కనపడదు.

నేను పోయేసరికి నారాయణప్పను నేల మీద పండబెట్టినారు. ఓబులేసు ఆ తువ్వాల పట్టుకొని, "ఇది ఉండింటే నేను ముట్టుదునా సామీ?" అని వచ్చినోళ్లనందరినీ అడుగుతాండాడు.

అనుమతి లేకుండా ఎక్కినాడు కాబట్టి పరిహారం రాదని పై ఆఫీసులో తేల్చేసినారు. నాకు ఒళ్లు మండింది. నారాయణప్ప భార్య లక్ష్మిదేవమ్మ నన్ను ఒకటే అడిగింది.

"ఎక్కకూడదని చట్టంలో ఉండాదంట, నిజమేనా?"

"ఉండాదమ్మా."

"ఎక్కాల్సినోళ్లు ఎప్పుడు రావాల్నో లేదా?"



కరెంటు ఇచ్చేది ఎంత పనో, ఆపిన కరెంటు మళ్లీ రాకుండా కాపాడేదీ అంతే పనని ఆ చావు నాకు నేర్పింది. "గుడ్డ కట్టొద్దప్పా, బీగమెయ్యండి," అని ఊరూరా పోరినా. మొదట బీగం తెచ్చింది ఓబులేసే. తెచ్చి లక్ష్మిదేవమ్మ చేతికిచ్చినాడు. అప్పట్నుంచి ఆ లైన్ మీద ఎవరు ఫ్యూజెయ్యాలన్నా, నాతో సహా, ఆయమ్మ ఇంటికి పోయి బీగం తీసుకోవాల. ఎక్కిన మనిషే దిగొచ్చి దాన్ని తిరిగిచ్చే వరకు ఆమె వాకిట్లోనే నిలబడి ఉంటాది.