కనక పాట, హరీష్ గొంతు

పాడేరు జీపు స్టాండులో ప్రేమ్‌కుమార్‌ని డ్రైవరుగా కంటే గిటారు వాయించేవాడిగానే ఎక్కువమంది గుర్తుపడతారు. కొండమీది తన ఊళ్లో చర్చిలో కీర్తనలకు వాయిస్తూ నేర్చుకున్నాడు. బ్లూస్ అనే అమెరికా నల్లజాతివాళ్ల పాటలు మొదట వినిపించింది మాత్రం హైస్కూలు స్నేహితుడు హరీష్. హరీష్ వాళ్లు మైదానం నుంచి వచ్చి పాడేరులో కిరాణా కొట్టు పెట్టుకున్నవాళ్లు. వేలికి గొట్టం తొడిగి తీగల మీద జారిస్తే గిటారు మనిషిలా మూలుగుతుందని ఫోనులో చూసి, ప్రేమ్‌కుమార్ సైకిల్ షాపులో ఒక గొట్టం ముక్క కోయించుకున్నాడు.

హరీష్ విశాఖలో ఇంజనీరింగు చదువుతూ ‘నల్లరాయి’ అని బ్యాండు పెట్టాడు. పాడేది అతను, గిటారు ప్రేమ్‌కుమార్. వీలు దొరికితే చాలు, ప్రేమ్‌కుమార్ బస్సెక్కి ఘాట్ దిగేవాడు.

ఒక వానాకాలం అతని చెల్లెలు కనకకు జ్వరం ముదిరింది. అంబులెన్సు దొరకలేదు. ప్రేమ్‌కుమార్ గుట్టెక్కి సిగ్నలు పట్టుకుని, సెలవులకు పాడేరు వచ్చి ఉన్న హరీష్‌కి ఫోను చేశాడు.

“మా సరుకుల వ్యాను పంపిస్తాను. మీరు కనకను రోడ్డు దాకా దించేయండి” అన్నాడు హరీష్.

ప్రేమ్‌కుమార్, ఊరివాళ్లు డోలీ కట్టి తారురోడ్డు దాకా మోసుకొచ్చారు. అటుగా వెళ్తున్న ఒక జీపు ఆగితే, మా బండి వస్తోందని చెప్పి పంపించేశారు. వ్యాను రాలేదు. తల్లి కృపావతి ఒళ్లోనే కనక ప్రాణం పోయింది. డ్రైవరు చెప్పకుండా ఎటో వెళ్లిపోయాడని సమాధి దగ్గర హరీష్ ఏడ్చాడు. ప్రేమ్‌కుమార్ నమ్మాడు. పైగా అతన్నే ఓదార్చాడు.

ఆ తర్వాతే జీపు నడపడం నేర్చుకున్నాడు. కనక మీద పాట కట్టింది కూడా అప్పుడే. డోలీ ఊగడం, అమ్మ కొంగు తడవడం, చివరి చరణంలో వస్తానని రాని బండి. రిహార్సల్ గదిలో విన్న హరీష్ తలెత్తకుండానే అన్నాడు.

“ఇది మన ఆల్బంలో ఉండాల్రా.”

“ఉంచు. ఒక్క మాట మార్సకు.”

“మార్చను.”

స్టూడియోలో ప్రేమ్‌కుమార్ కళ్లు మూసుకుని వాయించాడు. ఆల్బం విడుదలైన రోజు జీపులో కూర్చుని విన్నాడు. గిటారు తనదే. చివరి చరణం లేదు. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని మళ్లీ విన్నాడు.

ఆల్బం గురించి పేపర్లు రాశాయి. మిగతా పాటలు గోలగా ఉన్నాయన్నవాళ్లు కూడా డోలీ పాటను నెత్తిన పెట్టుకున్నారు. గాయకుడి సొంత దుఃఖం వినిపిస్తోందని ఒకరు రాశారు. తర్వాత ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూ వచ్చింది. ఈ పాట ఎలా పుట్టిందని యాంకరమ్మాయి అడిగింది.

హరీష్ కళ్లు తుడుచుకున్నాడు. “మా చెల్లి. ఈ భుజం మీదే మోసుకొచ్చాను.”

స్టాండులో ప్రేమ్‌కుమార్ పక్కనే చూస్తున్న సుక్రు అనే డ్రైవరు, “ఈడికి సెల్లెలుందేటి?” అన్నాడు. ప్రేమ్‌కుమార్ ఫోను జేబులో పెట్టేశాడు.

ఇంటికి వెళ్లేసరికి పక్కింటి పిల్ల ఆ వీడియో కృపావతికి అప్పటికే చూపించింది. ఆమె కోపంగా లేదు, అయోమయంగా ఉంది. “ఆ బాబు ఆవేళ మనతో లేడు గదా నాయినా. మరి అలాగన్నాడేటి?”

మర్నాడు ప్రేమ్‌కుమార్ విశాఖ వెళ్లాడు. హరీష్ గదిలో గోడ నిండా ఆల్బం పోస్టర్లు.

“కెమెరా ముందు అలా వచ్చేసిందిరా. నన్నూ అన్నా అనే పిలిచేది కదా” అన్నాడు హరీష్.

“పిలిసేది. సివరి సరణం ఏది?”

“లెంగ్త్ ఎక్కువైందన్నారు.”

“ఎవులన్నారు?”

హరీష్ నేల చూపులు చూస్తూ అన్నాడు. “ఆవేళ వ్యాను మా ఇంటి ముందే ఉందిరా. దారి బాలేదని నాన్న తాళాలివ్వలేదు. నీకు చెప్పడానికి నోరు రాలేదు.”

ప్రేమ్‌కుమార్ కుర్చీలో కూర్చున్నాడు.

“రాదని ఒక్క ముక్క సెప్పుంటే, ఆ జీపెక్కించేసేవోళ్లంరా” అన్నాడు.

హరీష్ ఏడ్చాడు. ఇంకో ఇంటర్వ్యూలో అంతా చెప్పేస్తానన్నాడు. ఈసారి ప్రేమ్‌కుమార్ ఓదార్చలేదు. లేచి వచ్చేశాడు.

హరీష్ ఏ ఇంటర్వ్యూలోనూ ఏమీ చెప్పలేదు. ఆల్బంకి ఏదో అవార్డు వచ్చింది. బ్యాండులో కొత్త గిటారిస్టు చేరాడు.

కనక జ్ఞాపక ప్రార్థన రోజు ప్రేమ్‌కుమార్ చర్చిలో ఆ పాట చరణాలన్నీ పాడాడు. ఎవరో ఫోనులో తీసి నెట్‌లో పెట్టారు. చూసింది కొద్దిమందే. ‘నల్లరాయి పాట కాపీ కొట్టారు, పైగా చివర్లో ఏదో అతికించారు’ అని ఒకడు కింద రాశాడు.

“ఏటి రాశార్రా?” అని అడిగింది కృపావతి.

“బాగుందంటన్నారమ్మా” అని చెప్పి, ప్రేమ్‌కుమార్ స్టాండుకి బయల్దేరాడు.