సత్యం నెలలో వచ్చిన మైక్రోస్కోపులు

నరసరావుపేటలోని మా మిషన్ స్కూల్లో నెలకొక విలువ ఉంటుంది. కరస్పాండెంటు పాస్టరు కూడా కాబట్టి అందరం అయ్యగారనే పిలుస్తాం. ప్రతి పాఠంలోనూ ఆ నెల విలువను కలపాలని ఆయన ఆజ్ఞ. ఆ నెల విలువ సత్యం. నేను సైన్సు టీచర్ని. ఆకులో పత్రహరితం చూపిస్తాను గానీ, అందులో సత్యం చూపించమంటే ఎక్కణ్ణించి తేను? నేనూ చర్చిలో పుట్టి పెరిగినదాన్నే. విశ్వాసాన్ని ఉప్పులా ప్రతి కూరలో చల్లమంటేనే ఒళ్లు మండేది.

నెలాఖరున సత్యానికి ఒక కప్పు ఇస్తారు. ఏడో తరగతిలో ఒక ఆటో డ్రైవరు కూతురు దానిమీదే ప్రాణం పెట్టుకుంది. ముస్లింల పిల్లయినా మా ప్రార్థన పాటలు మావాళ్లకంటే బాగా పాడుతుంది. క్లాసంతా ఆమె పేరే చెప్పారు, అయ్యగారూ సరేనన్నారు. ఇంట్లో కప్పు కోసం వాళ్లమ్మ చేత అర ఖాళీ చేయించిందట.

అంతలో తనిఖీ వచ్చిపడింది. మా ల్యాబులో ఉన్నదల్లా ఒక బీరువా, దానికో తాళం. ముందురోజు సాయంత్రం సత్తెనపల్లిలో తెలిసిన స్కూలు నుంచి మైక్రోస్కోపులు దిగాయి. అయ్యగారు మమ్మల్ని చుట్టూ నిలబెట్టి, వాటిమీద చేతులుంచి, ఇచ్చిన దేవుడికి స్తోత్రం చెప్పారు. అసలు ఇచ్చిందెవరో దేవుడికి తెలియదు పాపం. అందరం ఆమెన్ అన్నాం.

మర్నాడు తనిఖీ అధికారి, ఇవి రోజూ వాడతారా అని ముందు బెంచీ కుర్రాణ్ణి అడిగాడు. వాడు తల వంచుకున్నాడు. పక్కనున్న మన ఆటో డ్రైవరు పిల్లని అడిగాడు.

"లేదు సార్. నిన్న మా నాన్న ఆటోలో వచ్చినయ్. సాయంత్రం మళ్లా తీసకపోతాడు. చానా జాగర్తగా తెచ్చాడు సార్."

అయ్యగారి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

శనివారం అసెంబ్లీలో కప్పు ఆ తల వంచుకున్న కుర్రాడికి ఇచ్చారు. నేను ఉండబట్టలేక ఆయన గదికి వెళ్లాను.

"ఆ పిల్ల చెప్పింది నిజమే గదా అయ్యగారూ?"

"నిజమేనమ్మా. ఆత్మీయ పరిపక్వతే ఇంకా రాలేదు."

బయట వరండాలో ఆ పిల్ల నాకోసం నిలబడి ఉంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"మేడం, వచ్చే నెల ఏంది?"

"విధేయత."

సంచి భుజానికెత్తుకుంది.

"అయితే మా అమ్మకి చెప్తా మేడం, ఆ అరలో గిన్నెలు సర్దుకోమని."