ఎడిత్ చేర్చిన రెండు వాక్యాలు

ఎడిత్ ప్లక్‌రోజ్ తండ్రి జోసెఫ్ లండన్‌లోని ఎక్స్‌మౌత్ బజారులో చేపలమ్మేవాడు. కూతురి చేతికి ఆ వాసన అంటకూడదని పట్టుబట్టి టైపు నేర్పించాడు గానీ, ఆమె సంపాదన చూడకుండానే పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఎడిత్ ల్యాంబ్స్ కాండ్యుట్ వీధిలో, గొడుగులు బాగుచేసే కొట్టు మీది గదిలో తల్లితో ఉంటూ రచయితలకు రాతప్రతులు టైపు చేసిపెట్టేది. మహా పట్టింపు మనిషి. వాళ్లు మరిచిపోయిన కామాలు తనే పెట్టేది, సగంలో ఆగిపోయిన వాక్యాలు తనే పూర్తిచేసేది. ఎవరూ ఇదేమిటని అడగలేదు. ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. చిక్కంతా ఆ మెచ్చుకోలుతోనే వచ్చింది.

ఆ రోజుల్లో లండన్‌లో నాలుగక్షరాలు చదివిన ప్రతివాళ్లకీ రష్యన్ కథల పిచ్చి పట్టింది. నిన్నటిదాకా పాలు పోసుకుని శుభ్రంగా టీ తాగినవాళ్లు గాజు గ్లాసులో నిమ్మచెక్క వేసుకుని, ఆ పులుపుకి ముఖం చిట్లించుకుంటూ, ఆత్మ గురించి నిట్టూర్చేవారు. అందరిలోకీ బాగా ముదిరిన మనిషి నవలలు రాసే మిస్ కోరా డెన్‌హామ్.

"మన కథలకి చివర ముడి వెయ్యకపోతే నిద్రపట్టదు ఎడిత్! పెళ్లో, చావో, వీలునామానో ఉండి తీరాలి. వాళ్లని చూడు, తలుపు తీసే ఉంచి వెళ్లిపోతారు. నేనూ అలా రాయాలి, ఎన్నాళ్లయినా సరే నేర్చుకోవాలి," అనేది ఆవిడ.

జనవరి నెలలో తలుపు తీసి ఉంచితే ఇల్లు చల్లబడి చావదూ అని ఎడిత్ లోలోపల అనుకునేది.

ఇంతా చేసి మిస్ డెన్‌హామ్‌కి రష్యన్ ఒక్క ముక్క రాదు. విప్లవం వచ్చాక రష్యాలోని పెట్రోగ్రాడ్ నుంచి పారిపోయి వచ్చిన మకార్ ఇల్యిచ్ తుగారిన్ అనే బడిపంతులు ఆవిడ పక్కన కూర్చుని, తనకొచ్చిన ఇంగ్లీషులో రష్యన్ కథని మాటకి మాట చెప్పేవాడు. ఆవిడ దాన్ని చక్కదిద్ది రాసేది. ఎడిత్ టైపు చేసేది. మూడు చేతులు పడితే గానీ కథ తేలేది కాదు. అందులో ఏ మాట ఎవరిదో ఆ ముగ్గురికే సరిగ్గా తెలియదు.

తుగారిన్ పరిచయమైన రోజే "మీ నాన్నగారి పేరేమిటండీ?" అని అడిగాడు. చెప్పగానే లేచి నిలబడి, "అయితే మీరు ఎడిత్ జోసెఫొవ్నా," అని తల వంచాడు. రష్యన్ల పద్ధతిలో చేపల జోసెఫ్ పేరు కలిపి, అంత మర్యాదగా ఆమెను పిలిచినవాళ్లు అంతకుముందు లేరు. ఎడిత్‌కి ఆ పిలుపంటే ప్రాణం.

ఆ చలికాలంలో ఆయన తను రాసిన కథే ఒకటి పట్టుకొచ్చాడు. పరాయి దేశంలో అద్దె గదిలో ఒకతను భార్య కోసం కాచుకుని ఉంటాడు. మెట్ల మీద అడుగుల చప్పుడవుతుంది. ఆ అడుగులు అతని గది దాటి పై అంతస్తుకి వెళ్లిపోతాయి. అంతే కథ. మిస్ డెన్‌హామ్ కళ్లొత్తుకుంటూ దాన్ని ఇంగ్లీషు చేసి, ఆ మర్నాడే జ్వరంతో మంచం పట్టింది. "నేను చూడక్కర్లేదు. టైపు చేసి నేరుగా పత్రికకి ఇచ్చెయ్యి," అని ఎడిత్‌కి కబురు చేసింది.

ఎడిత్ కథ తల్లికి చదివి వినిపించి, ఆఖరి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతేనా? తక్కిన కాగితం ఎక్కడ పారేసుకున్నావే?" అంది తల్లి.

"ఇంతే అమ్మా."

"ఆ మానవుణ్ణి అలా కూర్చోబెట్టేసి పోయారా! దయా దాక్షిణ్యం లేదు, వీళ్లేం మనుషులే!"

ఎడిత్‌కీ ప్రాణం ఉసూరుమంది. తర్వాత మరో రెండు వాక్యాలు కొట్టింది: "అడుగులు వెనక్కి తిరిగి వచ్చాయి. తలుపు తెరుచుకుంది, ఆమె లోపలికొచ్చి సంచి కింద పెట్టింది." కొట్టాక ఆమె మనసు కుదుటపడింది.

కథ అచ్చయిన కొన్నాళ్లకి మిస్ డెన్‌హామ్ ఇంట్లో టీకి జనం చేరారు. టైపు కాగితాలివ్వడానికి ఎడిత్ వెళ్లింది. ఆమె చూస్తుండగానే పట్టుగౌను వేసుకున్న ఒకావిడ తుగారిన్ చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. "మీ ఆవిడ వచ్చేసిందటగా! కథ చదివాను. ఇంక ఆ గదిలో సందడే సందడి!"

తుగారిన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కృతజ్ఞతలండీ," అని తల వంచి, కోటు తీసుకుని వెళ్లిపోయాడు.

"ఆవిడ టైఫస్ జ్వరమొచ్చి అక్కడే పోయింది, పాపం. నీకు తెలీదూ?" అంది మిస్ డెన్‌హామ్ గొంతు తగ్గించి. "అయినా ఆ ముగింపు చూశావా? నేను మంచంలో ఉండగా ఆయనే మన క్రిస్మస్ కథల్లా ముడేసి పంపాడు! సొంత దుఃఖం కదా, ఎందుకిలా చేశావని ఎలా అడుగుతాం? నేనింక ఆయనతో పనిచెయ్యలేను."

ఎడిత్ టైపు కాగితాలు బల్ల మీద పెట్టేసి బయటపడింది.

అడిగితే నొచ్చుకుంటాడని ఈవిడ అడగలేదు. ఆ వాక్యాలు ఈవిడే చేర్చిందనుకుని, అడిగితే చులకనైపోతానని ఆయనా అడగలేదు. ఈవిడ మర్యాదా ఆయన పౌరుషమూ కలిసి ఎడిత్ తప్పుని భద్రంగా దాచిపెట్టాయి. మిస్ డెన్‌హామ్ ఇంటి నుంచి ఆయనకి కబుర్లు ఆగిపోయాయి. దారిలో కనబడితే మాత్రం టోపీ తీసి, అదే మర్యాదతో "ఎడిత్ జోసెఫొవ్నా" అనేవాడు. ఆ పిలుపు వింటే ఆమెకి చెంపదెబ్బ తిన్నట్టుండేది. చెబితే పని పోతుందన్న భయం కన్నా ఆ పిలుపు పోతుందన్న భయమే ఎక్కువ. అది తలుచుకుని తన మీద తనకే రోత పుట్టేది.

ఇంక మొయ్యలేక ఒక ఉదయం మిస్ డెన్‌హామ్‌కి చెప్పేసింది.

"నువ్వా? టైపు కొట్టమంటే కథ కొట్టావా!" అంది ఆవిడ. "ఆయన దగ్గరికి నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్లేది? నువ్వు మాత్రం రేపట్నించి రాకు."

తర్వాత ఎడిత్ వకీళ్ల ఆఫీసులో చేరి, ఒక్క కామా కూడా కలపనివ్వని దస్తావేజులు టైపు చేస్తూ ముసలిదైంది. కానీ ఆ రోజు ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా కామ్డెన్ టౌన్‌లో తుగారిన్ గదికి వెళ్లింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఆ చివరి రెండు వాక్యాలూ మిస్ డెన్‌హామ్‌వి కావండీ. నేను చేర్చాను. మీ ఆవిడ సంగతి నాకు తెలీదు. తెలియకపోయినా తప్పే. నన్ను క్షమించండి."

తుగారిన్ కిటికీ దగ్గరికి వెళ్లి, అక్కడున్న పత్రిక చేతిలోకి తీసుకున్నాడు.

"మొదట ఆ పత్రిక చింపెయ్యాలనిపించింది," అన్నాడు. "కానీ చింపలేకపోయాను. ఇప్పుడు రోజూ చదువుతాను. మా ఆవిడ వేరా వస్తుంది. సంచి పెడుతుంది. అక్కడ ఆగిపోతుంది. ఆ పైన ఎంత ఆలోచించినా నాకు తట్టదు. రాసింది మీరేనంటున్నారుగా." ఆయన ఆమె వైపు తిరిగాడు. "సంచి పెట్టాక నాతో ఏమంది, ఎడిత్ జోసెఫొవ్నా?"

ఊరందరి వాక్యాలూ పూర్తిచేసిన ఎడిత్‌కి ఈ ఒక్క వాక్యం తట్టలేదు. చెబుతుందేమోనని ఆయన చూస్తూనే ఉన్నాడు.